స్టార్టరు డబ్బాలో కంప్యూటరు పాఠం

సూర్యాపేట జిల్లా నడిగూడెం చుట్టుపక్కల ఏ బోరు దగ్గరికి వెళ్లినా ఇనుప స్టార్టరు డబ్బా ఒకటి కనిపిస్తుంది. దాని మీద పచ్చ మీట, ఎర్ర మీట ఉంటాయి. పచ్చది నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. రైతు రోజూ చేయి వేసే ఈ డబ్బా మూత తీసి చూస్తే, కంప్యూటరు ఎలా పనిచేస్తుందో చెప్పే మొదటి పాఠం అందులోనే దొరుకుతుంది. ఇంట్లోనే చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు చేయాలని, పాత కంప్యూటరును పనిలో పెట్టాలని ఉత్సాహపడేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచేనని నా నమ్మకం. సొంత పొలం, సొంత నీళ్లు, సొంత కరెంటు కష్టాలు తెలిసినవాడికి దొరికే లెక్కలు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకవు.

మీట వదిలినా గుర్తుంటుంది

పచ్చ మీటను మనం నొక్కి పట్టుకోం, నొక్కి వదిలేస్తాం. అయినా మోటారు నడుస్తూనే ఉంటుంది. కారణం లోపలున్న కాంటాక్టర్. అందులో రాగి తీగ చుట్టిన కాయిల్, దానికెదురుగా కదిలే ఇనుప దిమ్మ, ఆ దిమ్మతో పాటు కదిలే లోహపు మొనలు ఉంటాయి. మీట నొక్కగానే కాయిల్‌లో కరెంటు పారి అది అయస్కాంతంగా మారుతుంది. దిమ్మను లాక్కుంటుంది. మూడు ఫేజుల మొనలూ కలుస్తాయి, మోటారు లేస్తుంది.

అదే క్షణంలో పక్కనున్న నాలుగో మొన కూడా కలుస్తుంది. దాన్ని పచ్చ మీటకు సమాంతరంగా కలిపి ఉంచుతారు. అందువల్ల వేలు తీసేసినా కాయిల్‌కు కరెంటు ఈ రెండో దారిలో అందుతూనే ఉంటుంది. కాయిల్ పట్టి ఉన్నంతసేపు నాలుగో మొన కలిసి ఉంటుంది, అది కలిసి ఉన్నంతసేపు కాయిల్ పట్టి ఉంటుంది. ఎర్ర మీట ఈ దారిని ఒక్క క్షణం తెంచితే చాలు, మొత్తం విడిపోతుంది.

‘ఎవరో ఇందాక పచ్చ మీట నొక్కారు’ అన్న సంగతిని ఈ డబ్బా గుర్తుంచుకుంటోందన్నమాట. నడుస్తోంది, ఆగింది అనే రెండు స్థితులను ఒకటి, సున్నా అని రాసుకుంటే అది ఒక బిట్ జ్ఞాపకం. ఇక తర్కం చూడండి: పచ్చ మీట లేదా నాలుగో మొన కలవాలి, ఎర్ర మీట తెగకూడదు, మోటారు మితిమీరి కరెంటు లాగితే దారి తెంచే ఓవర్‌లోడ్ రిలే కూడా తెగకూడదు. అప్పుడే మోటారు నడుస్తుంది. కంప్యూటరు చేసే ఏ లెక్కయినా చివరికి ఇలాంటి షరతుల పేర్పే.

కాంటాక్టర్‌లాగే కాయిల్‌తో కదిలే చిన్న మీటలైన రిలేల సర్క్యూట్లను బీజగణితంలా రాయవచ్చని 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ విద్యార్థి తన ఎంఐటీ సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. అదే ఏడాది నవంబరులో బెల్ ల్యాబ్స్ ఉద్యోగి జార్జ్ స్టిబిట్జ్ రెండు టెలిఫోన్ రిలేలు, టార్చిలైటు బల్బులు, పొగాకు డబ్బా నుంచి కత్తిరించిన రేకు ముక్కలు తీసుకుని, తన వంటింటి బల్ల మీద రెండు ద్విసంఖ్యా అంకెలను కూడే యంత్రం చేశాడు. వంటిల్లు అనే అర్థంలోనే దానికి ‘మోడల్ కె’ అని పేరొచ్చింది. బెర్లిన్‌లో కాన్రాడ్ జ్యూస్ తన మొదటి యంత్రాన్ని తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే కట్టాడు. 1941లో అతను పూర్తిచేసిన జెడ్-3 యంత్రంలో రెండు వేలకు పైగా రిలేలున్నాయి. ప్రోగ్రాముతో నడిచిన తొలి కంప్యూటర్లలో అదొకటి. కంప్యూటరు చరిత్రలో పెద్ద అడుగులు కొన్ని ఇళ్లలోనే పడ్డాయని మన పిల్లలకు గట్టిగా చెప్పాలి.

ఆటో స్టార్టరు నేర్పిన గుణపాఠం

మామూలు స్టార్టరుకు ఒక మంచి గుణం ఉంది. కరెంటు పోతే కాయిల్ పట్టు వదులుతుంది. కరెంటు తిరిగొచ్చినా, ఎవరైనా వెళ్లి పచ్చ మీట నొక్కేదాకా మోటారు లేవదు. అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. కానీ అర్ధరాత్రి ఏ వేళకు కరెంటు వస్తుందో తెలియని రోజుల్లో ఆ భద్రతే రైతుకు నిద్ర లేకుండా చేసింది. చీకట్లో పొలానికి వెళ్లి పాము కాటుకో, కరెంటు షాక్‌కో గురైనవాళ్లు ఎంతోమంది. దానికి విరుగుడుగా ఊరూరా వచ్చిందే ఆటో స్టార్టరు. కరెంటు రాగానే మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసి, కాసేపు ఆగి, రైతుకు బదులు తానే మీట నొక్కే చిన్న సర్క్యూటు అది.

2017 జులైలో పాత నల్లగొండ, మెదక్, కరీంనగర్ జిల్లాల్లో వ్యవసాయానికి 24 గంటల కరెంటును ప్రయోగాత్మకంగా ఇచ్చారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా, దాదాపు 23 లక్షల పంపుసెట్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. దాంతో ఆటో స్టార్టరు కథ అడ్డం తిరిగింది. కరెంటు ఎప్పుడూ ఉంటే మోటారు కూడా ఎప్పుడూ నడుస్తుంది, మడి నిండినా ఆగదు, భూగర్భజలం అడుగంటుతుంది. అందుకే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం, విద్యుత్ సంస్థలు ఊరూరా రైతులను కోరాయి.

ఆటో స్టార్టరుతో ఇంకో చిక్కు కూడా ఉంది, ఒక చిన్న లెక్క వేసి చూడాలి. ఐదు హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఒక్కో ఫేజులో సుమారు 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. లేచేటప్పుడు మాత్రం కొద్ది క్షణాలు దానికి ఐదారు రెట్లు, అంటే 40 ఆంపియర్ల పైనే లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజుకు నిలకడగా ఇవ్వగలిగేది 33 నుంచి 35 ఆంపియర్లు. ఒక మోటారు లేచే ఆ కొద్ది క్షణాలను అది ఓర్చుకుంటుంది. కానీ దాని కింద నాలుగు మోటార్లుంటే, పోయిన కరెంటు రాగానే నాలుగు ఆటో స్టార్టర్లూ ఒక్కసారే మీట నొక్కితే 160 ఆంపియర్లు దాటుతుంది. వోల్టేజి పడిపోతుంది, మోటార్లు సరిగా తిరగలేక మూలుగుతాయి, ఫ్యూజులు పోతాయి, వైండింగులు కాలతాయి.

ఇదే చిక్కు కంప్యూటర్ నెట్‌వర్కులకూ ఎదురైంది. 1971లో హవాయి విశ్వవిద్యాలయం దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపే ఆలోహా నెట్ నడిపింది. రెండు కేంద్రాలు ఒకేసారి మాట్లాడితే రెండు సందేశాలూ పాడయ్యేవి. రెండూ మళ్లీ ఒకేసారి ప్రయత్నిస్తే మళ్లీ పాడవుతాయి. అందుకని ప్రతి కేంద్రమూ యాదృచ్ఛికంగా ఎంచుకున్నంత సేపు ఆగి ప్రయత్నించాలని నియమం పెట్టారు. తర్వాత ఈథర్‌నెట్ కూడా ఇదే దారి పట్టింది. మన స్టార్టరుకూ ఇదే మందు. కరెంటు వచ్చాక 30 సెకన్ల నుంచి 300 సెకన్ల మధ్య ఏదో ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుని అంతసేపు ఆగి లేవమంటే, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే వరస తప్పి లేస్తాయి. ఈ పని చేయడానికి ప్రోగ్రాములో రెండు మూడు వరసలు చాలు.

ఐదారు వందల రూపాయల మెదడు

ఆ రెండు మూడు వరసలు రాసుకునే చోటే మైక్రోకంట్రోలర్. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో బోర్డు ఈ పనిని ఇళ్లలోకి తెచ్చింది. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండు నుంచి 35 డాలర్ల రాస్ప్‌బెరీ పై వచ్చింది. అది అరచేతిలో పట్టే పూర్తి కంప్యూటరు. 2016లో షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ తెచ్చిన ఈఎస్‌పీ-32 చిప్పులో వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్నాయి. సెకనుకు 24 కోట్ల గడియార స్పందనలతో పనిచేయగలదు. పని లేనప్పుడు గాఢ నిద్రలోకి వెళ్తే ఆ చిప్పు తీసుకునేది ఆంపియరులో లక్షో వంతు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ ఈ చిప్పున్న బోర్డు ఐదారు వందల రూపాయల లోపే దొరుకుతుంది.

మన గడ్డకు ఇదేమీ కొత్త విద్య కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైంది. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును దేశీయంగా తయారుచేసింది. పాత నల్లగొండ జిల్లాలోనే, ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం మరో దారి చూపారు. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు చేతిని మేకుల చుట్టూ దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, చిన్నప్పుడే బడి మానేసిన మల్లేశం ఏళ్ల తరబడి ఒక్కో భాగమే చేసుకుంటూ 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పద్ధతిని గమనించాలి. యంత్రం మొత్తాన్ని ఒకేసారి ఊహించలేదు. చేయి చేసే కదలికలను విడదీసి, ఒక్కో కదలికకు ఒక్కో ఏర్పాటు వెతికారు. ప్రోగ్రాము రాయడమంటే అచ్చంగా అదే.

శబ్దంతో నీళ్లు కొలవడం

మొదటి పనిగా ఏం చేయాలని అడిగితే, నీటి మట్టం కొలవమంటాను. ఇంటి మీది ట్యాంకు, చేదబావి, కాలువ తూము, వరి మడి, అన్నింటికీ ఒకటే సూత్రం. హెచ్‌సీ-ఎస్ఆర్-04 అనే చవక సెన్సరుకు రెండు కళ్లలాంటి గుండ్రటి భాగాలుంటాయి. ఒకటి మనకు వినపడని 40 వేల హెర్ట్జ్ శబ్దాన్ని వదులుతుంది. అది నీటిని తాకి వెనక్కొస్తే రెండోది వింటుంది. పోయివచ్చిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. మీటరు దూరానికి సుమారు 5.8 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే చాలా ప్రోగ్రాముల్లో ‘మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు’ అన్న సూత్రం ఉంటుంది.

ఆ 58ని గుడ్డిగా నమ్మకూడదు. అది 20 డిగ్రీల గాలికి వేసిన లెక్క. అప్పుడు శబ్దం సెకనుకు 343 మీటర్లు వెళ్తుంది. గాలి వేడెక్కితే ఒక్కో డిగ్రీకి వేగం 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. మే నెల సూర్యాపేట ఎండలో 45 డిగ్రీలకు అది దాదాపు 358 మీటర్లు. సెకనుకు 343 మీటర్ల లెక్కతోనే కొలిస్తే మూడు మీటర్ల దూరం 2 మీటర్ల 87 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. పదమూడు సెంటీమీటర్ల నీళ్లు లేకుండానే ఉన్నట్టు చూపిస్తుందన్నమాట. పక్కన చవక ఉష్ణోగ్రత సెన్సరు ఒకటి పెట్టి, లెక్కలో ఆ వేడిని కలిపితే తప్పు సరిపోతుంది. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో చదివిన శబ్ద వేగం ఇంటి ట్యాంకు దగ్గర ఇలా పనికొస్తుంది.

ఇంకో జాగ్రత్త ఉంది. ఈ సెన్సరు తిరిగి పంపే సంకేతం 5 వోల్టులు, ఈఎస్‌పీ-32 కాళ్లు తట్టుకునేది 3.3 వోల్టులు. మధ్యలో ఒక కిలో ఓము, రెండు కిలో ఓముల నిరోధకాలు పెట్టి వోల్టేజిని మూడింట రెండు వంతులకు దించాలి. ట్యాంకులో ఆవిరి పట్టే చోట నీళ్లు చొరని రకం సెన్సరు వాడాలి. సెన్సరు ఖర్చు ఎందుకని ట్యాంకులో రెండు రాగి తీగలు వేలాడదీసి, నీళ్లు తగిలితే బజరు మోగేలా కట్టేవాళ్లూ ఉన్నారు. పని చేస్తుంది గానీ, ఒకే దిశలో ఎప్పుడూ కరెంటు పారితే విద్యుద్విశ్లేషణ వల్ల ఒక తీగ కొన్నాళ్లకే తినేసినట్టు అయిపోతుంది. నిమిషానికోసారి కొద్ది మిల్లీసెకన్లు మాత్రమే కరెంటు వదిలి చూస్తే ఆ తీగ చాలాకాలం నిలుస్తుంది.

ఈ కొలత మన మడికి ఎంత అవసరమో చూడండి. నడిగూడెం, కోదాడ, మిర్యాలగూడ పొలాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువను నమ్ముకున్నవి. వరి మడిలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాల్సిన పని లేదని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతున్న తడి-పొడి పద్ధతి చూపిస్తోంది. కన్నాలు పెట్టిన 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని మడిలో సగానికి పైగా పాతాలి. లోపల నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం మడి ఆరనివ్వకూడదు. ఇలా చేస్తే దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీళ్లు మిగులుతాయి. ఆ గొట్టంలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో మోటారుకు తెలిస్తే, మడి చాలన్నప్పుడు ఆగుతుంది. ఆటో స్టార్టరుకు లేని తెలివి ఇదే.

2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడి నీళ్లు పొలాల మీదికి వచ్చాయి. కాలువ వంతెనకు వేలాడదీసిన ఇలాంటి సెన్సరు గంటగంటకూ పెరుగుతున్న మట్టాన్ని ఊరికి చూపగలదు. అధికారుల హెచ్చరికకు అది తోడు మాత్రమే.

పొలం నుంచి ఇంటికి, ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కు

పొలంలో వైఫై ఉండదు. అక్కడ లోరా అనే రేడియో పద్ధతి ఉంది. చాలా తక్కువ కరెంటుతో, అడ్డం లేని పొలాల్లో కొన్ని కిలోమీటర్ల దూరం చిన్న సందేశాలు పంపుతుంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య, నిర్ణయించిన శక్తి పరిమితి లోపల, లైసెన్సు లేకుండానే వాడుకోవచ్చు. మట్టం ఎంత, మోటారు నడుస్తోందా, మూడు ఫేజులూ ఉన్నాయా అన్న నాలుగైదు అంకెలకు అది చాలు.

ఇంట్లో ఆ అంకెలను అందుకోవడానికి మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. కొత్త విండోస్ మోయలేని యంత్రం మీద తేలికపాటి లినక్స్ హాయిగా నడుస్తుంది. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెడితే వేగం మారిపోతుంది. బ్యాటరీ కాస్తయినా నిలిస్తే అదే దానికి యూపీఎస్. స్క్రీను ఆపి ఉంచితే 20 వాట్ల వరకు తీసుకుంటుందనుకున్నా, రోజంతా నడిస్తే అర యూనిట్ లోపే. సందేశాలు చేరవేయడానికి ఎంక్యూటీటీ అనే పద్ధతి ఉంది. ఎడారుల్లోని చమురు పైపులైన్ల సమాచారాన్ని ఖరీదైన ఉపగ్రహ లింకుల మీద పంపేందుకు 1999లో దాన్ని రూపొందించారు. సిగ్నలు అంతంతమాత్రంగా ఉండే పల్లెకు ఇది బాగా నప్పుతుంది. అంకెలన్నీ మన ఇంట్లోనే ఉంటాయి, ఇంటర్నెట్ పోయినా మోటారు ఆగదు, ఏ కంపెనీ మూతపడినా మన ఏర్పాటు మూతపడదు. ఒక ఏడాది అంకెలు పోగయ్యాక బోరు ఎప్పుడు కోలుకుంటోందో, మోటారు ఎన్ని గంటలు వృథాగా నడిచిందో గీతల్లో కనిపిస్తుంది.

హద్దులు తెలియాలి

సెన్సరు చెప్పనిదాన్ని చెప్పిందనుకుంటే ప్రమాదం. ఫ్లోరైడుతో తరాలు నలిగిన నల్లగొండ ప్రాంతంలో టీడీఎస్ మీటరు చూసి నీళ్లు మంచివని తేల్చేయడం అలాంటిదే. ఆ మీటరు నీటిలో కరెంటు ఎంత పారుతుందో కొలిచి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. తాగునీటిలో ఆ మొత్తం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు, ఫ్లోరైడు మాత్రం ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు. 300 చూపిన నీటిలో ప్రమాదకరమైన ఫ్లోరైడు ఉన్నా ఆ మీటరుకు తెలియదు. దానికి ప్రయోగశాల పరీక్షే దారి.

కరెంటు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బజారులో దొరికే చిన్న నీలిరంగు రిలేలు 250 వోల్టుల వరకే. మూడు ఫేజుల స్టార్టర్లలో కాయిల్ చాలాసార్లు రెండు ఫేజుల మధ్య 415 వోల్టుల మీద నడుస్తుంది. నీలి రిలేను నేరుగా అక్కడ కలిపితే మొనలు అతుక్కుపోయి ఎర్ర మీట పనికి ఆటంకం రావచ్చు, మంటలూ రావచ్చు. మధ్యలో తగిన స్థాయి కాంటాక్టర్ పెట్టాలి. ఎర్ర మీట దారిని ఏ ప్రోగ్రామూ దాటిపోకుండా కట్టాలి. ఎర్తింగు సరిగా ఉండాలి, కరెంటు లీకైతే దారి తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే మేలు. బ్యాటరీ మీద నడిచే 5 వోల్టుల భాగం మీరు చేయండి. స్టార్టరు డబ్బాలోని పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. తడి కాళ్లతో, ఒంటరిగా ఆ డబ్బా తెరవకండి.

తెలుగులో రాసి పెట్టండి

నడిగూడెం కోట మునగాల సంస్థానాధిపతి రాజా నాయని వెంకట రంగారావు నివాసంగా ఉండేది. ఆ సంస్థానానికి దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు ముందు నిలిచారు. చరిత్రతో పాటు పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం కూడా తెలుగు ఇళ్లలోకి పుస్తకాలుగా రావాలన్నది ఆ మండలి సంకల్పం. పింగళి వెంకయ్య ఈ సంస్థానంలోనే పత్తి మీద ప్రయోగాలు చేసి ‘పత్తి వెంకయ్య’ అనిపించుకున్నారు. చేసి చూడడం, చూసింది తెలుగులో చెప్పడం, రెండూ ఈ ఊరి చరిత్రలోనే ఉన్నాయి.

ఇప్పుడు వసతులు అప్పటికంటే మెరుగు. 2023 మార్చిలో హైదరాబాదులో టీ-వర్క్స్ తెరుచుకుంది. నమూనా పరికరాలు చేసుకునే యంత్రాలు అక్కడున్నాయి. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016 నుంచి బడుల్లో వస్తున్నాయి. ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబులను ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. కొదవగా ఉన్నది తెలుగులో, మన పొలం లెక్కలతో రాసిన పాఠాలు. ఏ బోర్డు ఎక్కడ పాడైంది, ఏ తీగ ఎన్నాళ్లకు తుప్పు పట్టింది, మే నెలలో కొలత ఎంత తేడా వచ్చింది అన్నవి ఇంగ్లీషు వీడియోల్లో దొరకవు.

కాబట్టి యువకులకు నా విన్నపం ఇది. పెద్ద పరికరం కోసం ఆగకండి. ఒక బోర్డు, ఒక సెన్సరు తెచ్చుకుని ఇంటి ట్యాంకుతో మొదలుపెట్టండి. ప్రతి మార్పునూ తేదీ వేసి నోటుపుస్తకంలో తెలుగులో రాయండి. ఆ పుస్తకం నకలు ఒకటి మీ ఊరి బడికి, మరొకటి గ్రంథాలయానికి ఇవ్వండి. ఉపాధ్యాయులారా, ఆ నోటుపుస్తకాన్ని ప్రాజెక్టు మార్కులతో వదిలేయకుండా మరుసటి ఏడాది పిల్లల చేతిలో పెట్టండి. ఒకరు చేసి రాసింది పదిమంది చదివి సరిదిద్దితే, దాని వల్ల మిగిలే నీళ్లు, నిలిచే మోటార్లు ఊరి సొంతమవుతాయి.